మానేటి కట్టమీద

నడవవయ్యా అని డాక్టరు చెప్పింది నాకు. సిరిసిల్ల మానేటి కట్టమీద ముందు నడిచేది మా బాపు! 78 నిండినా ఆయనకు అలుపు లేదు. ఆయాసమంతా నాదే.

చిన్నప్పుడు ఎండాకాలం ఈ యేటి ఇసుకలో చెలిమెలు తోడి నీళ్లు తాగేవాళ్లం. మానువాడ దగ్గర ఆనకట్ట వేశాక, 25 టీఎంసీలకు పైచిలుకు పట్టే మధ్యమానేరు జలం పట్టణందాకా వచ్చింది. కంటికి ఇంపైన నీళ్లే, పొలాలకు కావలసిన నీళ్లే. అడుగున మాత్రం అనుపురం, కొదురుపాక, మా చీర్లవంచ వున్నాయి.

బాపు ఆగి, చేతికర్ర తూర్పుకెత్తి, "మన వేపచెట్టు అగో, ఆ దిక్కే" అన్నాడు. నీళ్లు తప్ప నాకేమీ కనబడలేదు.

"ఇగ మర్లుదామా, బాపూ?"

"ఇంకో నాలుగడుగులు పోదాం పారా. అంత దగ్గరైతం."