ఐస్‌క్రీము మీద కరకర

పిల్లలకు ఐస్‌క్రీము కన్నా దాని మీద చల్లే కరకరలే ముద్దు. జీతాలు పడిన ఆదివారం అత్తిబెలె సర్కిల్ దాకా నడిచామంటే, మా ఇద్దరూ రంగురంగుల చక్కెర పూసలు వేయించుకోకుండా కదలరు. వాటికి అదనంగా పది రూపాయలు. మిల్లులో రోజంతా నిలబడి సంపాదించే మనిషికి, ఆ పదికి ఏమొచ్చిందో చూసుకోవాలనిపిస్తుంది. వచ్చింది చక్కెర, రంగు. అంతే.

మాది అనంతపురం వైపు, శెనక్కాయలు పండే నేల. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం వంద గ్రాముల శెనక్కాయ విత్తనాల్లో మాంసకృత్తులు దాదాపు 24 గ్రాములు. అంతే తూకం నువ్వుల్లో కాల్షియం వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. ఆవుపాలలో 120 దగ్గర. నువ్వుల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు, నిజమే. కానీ మా పెద్దమ్మాయి పాలగ్లాసు చూస్తే ముఖం తిప్పుకుంటుంది. పదమూడేళ్లు, ఎముక పెరిగే వయసు. ఏదో ఒక దారిన లోపలికి పోవాలి కదా!

అందుకే కరకర ఇంట్లోనే చేస్తున్నా. కప్పు శెనక్కాయలు, పావుకప్పు నువ్వులు విడివిడిగా దోరగా వేయించాలి. శెనక్కాయల పొట్టు చెరిగేయాలి. అరకప్పు బెల్లం ముదురుపాకం పట్టి, అన్నీ కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పరవాలి. ఆరాక కచ్చాపచ్చాగా దంచి, తడి తగలని సీసాలో పోసుకుంటే సరి. ఐస్‌క్రీము మీద ఒక్క చెంచా. మిగతా రోజుల్లో అరటిపండు ముక్కల మీద చల్లినా గిన్నె ఖాళీ.

బలం కదా అని గుప్పిళ్లతో పెట్టకండి. శెనక్కాయల్లో వందకు నలభై పాళ్లు నూనే, బెల్లమూ చక్కెర జాతిదే. ఐదేళ్లలోపు పిల్లలకు పలుకులు గొంతుకు అడ్డం పడతాయి, మెత్తగా పొడి చేసే వేయండి. బూజు పట్టిన గింజలు పారేయండి. ఆ బూజు విషం లివరును దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. శెనక్కాయ తిన్నాక ఎవరికైనా దద్దుర్లో ఆయాసమో వస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

కప్పు మీద రాసింది కూడా చదవండి. 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే, అందులో పాలకొవ్వుకు బదులు నూనెల కొవ్వు వాడొచ్చు.

షిఫ్టు దిగొచ్చాక ఓపిక ఉండదు, తెలుసు. ఇది అరగంట పని, నెలకు రెండుసార్లు. మా పెద్దది ఇప్పుడు సీసా మూత తనే తీస్తోంది. పాలగ్లాసు మాత్రం ఇంకా ముట్టుకోవడం లేదు.