కంది చేను కింద ఎవరున్నారు?



కొండవీడు అనగానే అందరూ రెడ్డి రాజుల కోట గురించే రాస్తారు. నేను కోట ఎక్కను, కొండ కింది నల్లరేగడిలోనే ఆగిపోతాను. అక్కడ మా నాయన రెండెకరాలు కౌలుకు తీసుకుని కంది వేస్తాడు. రోజూ పప్పేనా అని కంచం ముందు విసుక్కునేవాళ్లు కూడా ఇది చదవాలి!

పోయిన ఏడాది చేను మంచి పూత మీద ఉండగా అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు వాడిపోయాయి. ఆకులు పసుపెక్కి వేలాడాయి. నీళ్లు చాలలేదేమో అనుకున్నాం, కానీ మట్టి పిడికిట పడితే ముద్దవుతోంది. తడి ఉండీ ఎండడమేమిటి? మా యాడి ఒక మొక్కను పీకి కాండాన్ని నిలువునా చీల్చింది. లోపల నల్లటి చారలు. మొదలు దగ్గర బయట కూడా ఊదారంగు పట్టీ పైకి పాకి ఉంది. "ఇది ఎండు తెగులు, నీళ్లు పెట్టి లాభం లేదు" అన్నాడు పక్క చేను పెద్దాయన. సంక్రాంతికి మాకు మిగిలింది ఎక్కువగా కందికంపే. కౌలు మాత్రం మొత్తం కట్టాల్సిందే, చేను గలాయన ఒక్క రూపాయి తగ్గించలేదు.

సెలవుల నుంచి వచ్చాక సైన్సు సారును పట్టుకుని అడిగాను. ఈ తెగులు తెచ్చేది ఒక శిలీంధ్రం, పేరు ఫ్యుజేరియం ఉడమ్. బట్లర్ అనే దొర బీహార్ వైపు కంది చేలలో దీన్ని పరిశీలించి 1910లో దానికి ఆ పేరు పెట్టాడు. అది వేరులోంచి దూరి నీళ్లు మోసే గొట్టాలను మూసేస్తుంది. గొంతు నొక్కినట్టన్నమాట. శనగను ఎండగొట్టేది ఇంకొకటి. రెండూ దాయాదులే, కానీ ఎవరి పంట వారిదే.

అయితే మట్టిలో ఉండే బూజులన్నీ దొంగలు కావు. మైకోరైజా అని ఒకటుంది. దాని దారాలు మన వెంట్రుక కన్నా చాలా సన్నం. వేరు లోపలికి వెళ్లి కణాల్లో చిన్న చెట్టులా కొమ్మలు వేస్తాయి. బయటేమో వేరు చేరలేని చోటికి పాకి భాస్వరం తెచ్చి ఇస్తాయి. కంది బదులుగా చక్కెర ఇస్తుంది. సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి రాతిలో దొరికిన మొక్కల్లో కూడా ఈ స్నేహం గుర్తులున్నాయట. వేరులో మంచివాడు ముందే ఇల్లు కట్టుకుంటే దొంగకు చోటూ తిండీ తగ్గుతాయి, మొక్క కూడా కొంచెం మేలుకుని ఉంటుంది.

నాకు బాగా ఆశ్చర్యం అనిపించింది బఠాణీ కథ. వేరు బుడిపెల్లో రైజోబియం ఉండి నత్రజని ఇస్తుందని మనం చదువుకున్నాం కదా. బుడిపెలు రాని బఠాణీ మొక్కలు కొన్నింటిని ఫ్రాన్సులో పరీక్షిస్తే, వాటిలో కొన్ని ఈ బూజును కూడా వేరులోకి రానివ్వలేదు. ఆ సంగతి 1989లో ప్రకటించారు. అంటే బాక్టీరియాకైనా బూజుకైనా తలుపు తీసే తాళం చెవి కొంతవరకు ఒకటే, అది మొక్క పుట్టుకలోనే ఉంది. కనుక విత్తనం ఏ రకం అనేది దిగుబడి ఒక్కదాని విషయం కాదు, మట్టిలో ఎవరిని రానిస్తుంది, ఎవరిని ఆపుతుంది అనేది కూడా.

పటాన్‌చెరువు ఇక్రిశాట్‌లో తెగులు మళ్లు చేశారు. ఎండిన కంది మొక్కలను ముక్కలు కొట్టి మట్టిలో కలిపి, కావాలనే తెగులు పెంచి, అందులో రకాలు వేసి చూశారు. అలా నిలిచినవే మారుతి (1986), ఆశ (1993). ఆశ వెర్రి తెగులును కూడా తట్టుకుంటుంది. లాం ఫారం వాళ్ల ఎల్.ఆర్.జి. 30కి మన పల్నాడు పేరే పెట్టారు. మా నాయనకు అదంటే ప్రాణం. పేరు చూసి విత్తనం వేస్తారా అని మా యాడి దెప్పుతుంది. నేను యాడి పక్షం. నా లెక్కలో మైకోరైజా ఎంత మంచిదైనా, తెగులు నిండిన మట్టిలో తట్టుకోలేని రకాన్ని అది ఒక్కటే కాపాడలేదు.

ట్రైకోడెర్మా విరిడి అనే ఇంకో మంచి బూజు ఉంది. ఇది ఫ్యుజేరియం దారాలకు చుట్టుకుని తినేస్తుంది. ఎకరానికి 2 కిలోలు, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో వారం పది రోజులు గోనెపట్టా కప్పి ఉంచి చేలో చల్లాలి.

చిక్కంతా ఇక్కడుంది. తెగులు బూజు కంది కొయ్యల్లో మూడేళ్ల దాకా బతుకుతుంది. మధ్యలో జొన్న వేస్తే తగ్గుతుంది. మా నాయనమ్మ ఏ పుస్తకం చదవకుండానే చెప్పే మాట అది. కానీ మా కౌలు ఒక్క ఏడాదికే! వచ్చే ఏడాది ఆ చేను ఎవరి చేతికో తెలియనప్పుడు ఎరువు తోలేదెవరు, జొన్నతో సరిపెట్టుకునేదెవరు? ఈ మాట అడిగితే సారు కూడా కాసేపు మాట్లాడలేదు.

ఈసారి ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. చివరికి ఆశ విత్తనం, మధ్యలో జొన్న సాళ్లు, పైన ట్రైకోడెర్మా ఎరువు అని తేలింది. నాయన మాత్రం గట్టు వెంట నాలుగు సాళ్లు పల్నాడు రకమే వేశాడు.

కంది వేసే ఇళ్ల వాళ్లు దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఒక్కో మొక్క సన్న వేళ్లు మట్టితో సహా తీసుకురండి. రకం పేరు చీటీ మీద రాయండి. వేళ్లను క్షారంలో ఉడికించి, వెనిగర్‌లో కలిపిన పెన్ను సిరా పట్టిస్తే బూజు నీలంగా కనపడుతుందట. మైక్రోస్కోపు కింద చూపిస్తానని సారు ఒప్పుకున్నారు. సిరాబుడ్డి నేను తెస్తాను.

— 9వ తరగతి విద్యార్థి