ఊరికే అన్న మాట

సినిమా చూసి హాలు బయటికొచ్చాక ఊరికే ఒక మాట అనడం ఈ దేశంలో అందరికీ ఒకేలా దక్కే సుఖం కాదు. 'ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు', 'పాటలు పోయినసారంత లేవు', 'ఆ హీరోయిన్ ఎందుకుందో తెలీదు' - ఇలాంటి మాటలకి ఎవరూ సాక్ష్యం అడగరు. సంజాయిషీ అడగరు. అభిమాని మాట గాలిమాట. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు అన్నవాడూ మర్చిపోతాడు, విన్నవాడూ మర్చిపోతాడు. అదే మాట నా నోట్లోంచి వస్తే గాలిమాటగా ఉండదు. ముందు నా పేరు నడుస్తుంది, దాని వెనక మాట నడుస్తుంది. నేను సినిమా గురించి చెప్పానా, నా కౌమ్ గురించి చెప్పానా అని వినేవాళ్ళు లెక్క చూసుకుంటారు. మా పెద్దల తరానికి ఈ పరీక్ష క్రికెట్ మ్యాచ్ రోజున ఉండేది. మాకు శుక్రవారం శుక్రవారం ఉంటోంది. జుమ్మా నమాజూ ఆ రోజే, కొత్త సినిమా విడుదలా ఆ రోజే.

మాది తిరువూరు. బెజవాడ నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద ఊరు. కాస్త ముందుకెళితే ఖమ్మం జిల్లా. 2022 ఏప్రిల్ దాకా మేం కృష్ణా జిల్లా వాళ్ళం. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా వాళ్ళం. జిల్లా పేరే ఒక సినిమా నటుడి పేరు. ఆయన నిమ్మకూరు, అక్కినేని రామాపురం, ఘంటసాల చౌటపల్లి - అన్నీ పాత కృష్ణా జిల్లా ఊళ్ళే. ఇక్కడ సినిమా వినోదం కాదు, ఇంటి వ్యవహారం. పంటల ధర గురించి మాట్లాడినంత గంభీరంగా ఓపెనింగ్ కలెక్షన్ల గురించి మాట్లాడతారు.

హీరోలకి కులాలున్నాయని, అభిమానులకీ ఉన్నాయని మా ప్రాంతంలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఏ ఫ్లెక్సీ ఏ వీధిలో కడతారో చెప్పేయొచ్చు. మాకు ఆ గొడవ లేదు. తెలుగు తెర మీద అగ్రహీరోల వరసలో మావాడెవడూ లేడు. అందుకే మా పేటలో ఒక ఇంట్లో అన్న చిరంజీవి మనిషి, తమ్ముడు బాలకృష్ణ మనిషి, చిచ్చా ఇప్పటికీ సూపర్‌స్టార్ కృష్ణ మనిషి. రంజాన్ నెలలో కూడా తరావీ అయ్యాక వీధి చివర నిలబడి వాళ్ళ తరఫున గొంతులు చించుకుంటారు. వీళ్ళలో ఎవరికీ తమ హీరో గెలిస్తే తమ కులం గెలిచినట్టు కాదు. చూసి, నచ్చి అభిమానించారు, అంతే. అభిమానం అనే మాటకి అసలు అర్థం అదే అయితే ఆ అర్థం మా పేటలో ఇంకా బతికుంది. అయినా లెక్క మమ్మల్నే అడుగుతారు.

ఆ అడగడం పెద్ద పెద్ద మాటలతో ఉండదు. మూడు చిన్న మాటలతో ఉంటుంది. 'మీవాడే', 'కూడా', 'అయ్యుండీ'.

మొదటిది 'మీవాడే'. రెహమాన్ పాట బాగుందంటాను. 'మీవాడేగా భాయ్' అంటాడు పక్కవాడు. నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వులో ద్వేషం లేదని నాకూ తెలుసు. 1992లో 'రోజా' వచ్చినప్పుడు ఈ దేశంలో కుర్రాళ్ళందరూ ఆ పాటలకి ఊగిపోయారు. వాళ్ళకి నచ్చింది సంగీతం. నాకు నచ్చింది మాత్రం బంధుత్వం! సరే, ఘంటసాల గురించి మాట్లాడదాం అనుకుంటే అదింకో తంటా. 'అరె, మీకు ఘంటసాల పాటలు కూడా తెలుసా?' మా జిల్లాలో పుట్టిన గొంతు నాకు తెలియకుండా ఎలా పోతుంది? రెహమాన్ నచ్చితే పక్షపాతం, ఘంటసాల నచ్చితే ఆశ్చర్యం. మామూలుగా నచ్చడానికి నాకు ఎవరు మిగిలారు?

మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మీకి 1963 నాటి 'లవకుశ' పాటలు మొదటి నుంచి చివరి దాకా వచ్చు. రొట్టెలు చేస్తూ పాడేది. ఆ పాటలు పాడితే మతం పోతుందని ఆమెకెవరూ చెప్పలేదు, చెప్పినా ఆమె వినేది కాదు. మా అబ్బా రఫీ మనిషి. రేడియోలో అమీన్ సయానీ గొంతు వస్తే ఇంట్లో ఎవరూ గిన్నె చప్పుడు చేయకూడదు. 1952లో వచ్చిన 'బైజూ బావ్రా' సినిమాలో హరి దర్శనం కోసం తపించే భజన గురించి అబ్బా పదే పదే చెప్పేవాడు. రాసింది షకీల్ బదాయూనీ, స్వరపరిచింది నౌషాద్, పాడింది మహమ్మద్ రఫీ. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదట. మంచి పాట అని మాత్రమే చెప్పుకున్నారట. 1988లో దూరదర్శన్‌లో మహాభారతం మొదలైనప్పుడు నేను పక్కింటి వాళ్ళ టీవీ ముందు కింద కూర్చుని చూశాను. దానికి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని చాలా ఏళ్ళకి తెలిసింది.

రఫీ తెలుగులోనూ పాడాడు. 1969లో 'భలే తమ్ముడు', 1976లో 'ఆరాధన' - రెండిట్లోనూ ఎన్టీఆర్‌కి. అంతకు ముందు 1964లో నాగయ్య తీసిన 'భక్త రామదాసు'లో కబీరు పాటలు పాడాడు. రామదాసు కథ మాకు దూరపు కథ కాదు. మా ఊరి మీదుగా పోయే బస్సు బోర్డు మీద భద్రాచలం పేరుంటుంది. కబీరు, తానీషా లేకుండా ఆ కథే లేదు. రఫీ తెలుగు ఉచ్చారణ మీద మా ఊళ్ళో ఇప్పటికీ వాదన జరుగుతుంది. కొందరికి ఆ యాస ముద్దు, కొందరికి చిరాకు. ఇలాంటి వాదన అంటే నాకు ప్రాణం. అక్కడ ఎవరూ ఎవరివాడూ కాదు. పాట ఒక్కటే ఉంటుంది.

తెర మీద సాయిబు మాట్లాడే తెలుగు మీద మాత్రం నాకు పేచీ ఉంది. పచ్చబెల్టు, కంటికి సుర్మా, మెళ్ళో తావీజు, నోట్లో విరిగిపోయిన తెలుగు. దశాబ్దాల పాటు ఇదే సరుకు. మా ఇళ్ళలో మేం మాట్లాడే ఉర్దూని హైదరాబాద్ వాళ్ళు ఆంధ్రా తురకం అని ఎగతాళి చేస్తారు. మా తెలుగు మాత్రం మా పొరుగింటి వాళ్ళ తెలుగే. అదే యాస, అవే సామెతలు, అవే తిట్లు. నేను ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో ఇతరుల తెలుగు దిద్ది అన్నం తింటున్నాను. అయినా కొత్తగా పరిచయమైన వాళ్ళు 'మీ తెలుగు చాలా బాగుందండీ' అని మెచ్చుకుంటారు. వాళ్ళకి తెలిసిన సాయిబు సినిమాలో సాయిబు.

రెండో మాట 'కూడా'. 2002లో కృష్ణవంశీ 'ఖడ్గం' వచ్చింది. ఆటో నడుపుకునే అమ్జాద్‌గా ప్రకాష్‌రాజ్ చేశాడు. తమ్ముడు టెర్రరిస్టు. అన్న దేశభక్తుడు. మిత్రులు సినిమా చూసొచ్చి, 'మీవాళ్ళలో కూడా మంచోళ్ళుంటారని భలే చూపించాడు భాయ్' అన్నారు. నన్ను సంతోషపెట్టాలనే అన్నారు. ఆ 'కూడా' మాత్రం చెప్పులో ముల్లులా ఉండిపోయింది. ఆటో నడుపుకునే మనిషి ఆటో నడుపుకుంటే చాలదు. తమ్ముడి పాపానికి ఎదురు నిలబడి నిరూపించుకుంటేనే మంచోడు. మామూలు మనిషిగా ఉండి, తిని, పడుకుని, అప్పు తీర్చుకుంటూ బతికే అమ్జాద్‌కి కథ లేదు.

2024 మార్చిలో 'రజాకార్' విడుదలైంది. బస్టాండు దగ్గర టీకొట్టులో అందరూ తలా ఓ మాట అన్నారు. ఒకడు ఫైట్లు బాగున్నాయన్నాడు. ఇంకొకడు రక్తం ఎక్కువైందన్నాడు. తర్వాత అన్ని మొహాలూ నా వైపు తిరిగాయి. 'నువ్వేమంటావు భాయ్?' నేనేమనాలి? మా తాతలు నిజాం రాజ్యంలో లేరు. ఈ సర్కారు జిల్లాలని నిజాం 18వ శతాబ్దంలోనే ఇంగ్లీషు కంపెనీకి వదిలేశాడు. 1948 నాటికి మేం మద్రాసు రాష్ట్రం వాళ్ళం. రజాకార్ల దౌర్జన్యానికి సరిహద్దు దాటొచ్చి కృష్ణా జిల్లాలో తలదాచుకున్న జనాన్ని మా ఊరి వాళ్ళందరితో పాటు మా తాత కూడా చూశాడు. ఆ దౌర్జన్యం నిజం. దాన్ని రాసినందుకే ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపేశారు. నేనూ ఉర్దూ, తెలుగు రెండూ రాసుకు బతికే విలేకరిని. షోయబుల్లా ఖాన్ నా వృత్తికి పెద్దన్న. ఆయన పేరుని టీకొట్టులో జేబులోంచి సర్టిఫికెట్ తీసినట్టు తీయాల్సి రావడమే నా బాధ. మిగతా వాళ్ళు ఫైట్ల గురించి చెబితే సరిపోయింది. నేను ఒక శవాన్ని చూపించాల్సి వచ్చింది.

2020 అక్టోబరులో 'ఆర్‌ఆర్‌ఆర్' టీజర్‌లో కొమురం భీం పాత్ర తల మీద టోపీ కనిపించింది. గొడవయింది. నిజాం మీద పోరాడి 1940లో ప్రాణమిచ్చిన తమ వీరుణ్ణి అలా చూసి ఆదివాసీలకి నొప్పి కలిగితే దాన్ని నేను కాదనను. మధ్యలో రాజకీయం దూరి టోపీనే నేరం చేసింది. ఆ సాయంత్రం ఒక మిత్రుడు ఫోన్ చేసి 'మీవాళ్ళకి సంతోషమేగా' అన్నాడు. టోపీ అక్కడ మారువేషం. అఖ్తర్ అనేది దాక్కోవడానికి పెట్టుకున్న పేరు. మేం రోజూ పెట్టుకునే టోపీ సినిమాలో వేషమైతే మేం దేనికి సంతోషించాలి?

మూడో మాట 'అయ్యుండీ'. ఇది సంస్కారవంతుల మాట. సంగీతం మీద తీసిన డాక్యుమెంటరీలు చూసేవాళ్ళ దగ్గర ఎక్కువగా వినిపిస్తుంది. గౌతమ్ ఘోష్ మనకి కొత్త కాదు. 1979లో 'మాభూమి' తీసిన బెంగాలీ ఆయనే. దానికి ఆధారం 'జబ్ ఖేత్ జాగే' అనే ఉర్దూ నవల, రాసింది కిషన్ చందర్. హిందువు రాసిన ఉర్దూ, బెంగాలీ దర్శకుడు, తెలుగు సినిమా. పదేళ్ళకి 1989లో ఆయన బిస్మిల్లా ఖాన్ మీద 'సంగే మీల్ సే ములాఖాత్' తీశాడు. మైలురాయిని కలుసుకోవడం అని అర్థం. దాన్ని చూసిన ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకుంటూ 'ముస్లిం అయ్యుండీ గుళ్ళో వాయించాడు, ఎంత గొప్ప!' అన్నారు. బిస్మిల్లా ఖాన్ గొప్ప ఆ ఊపిరిలో ఉంది. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో వాయించే సన్నాయిని కచేరీ వేదిక మీద కూర్చోబెట్టడంలో ఉంది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అంత దూరం ఎందుకు? ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన కోస్తా జిల్లాల్లో తరాల తరబడి ముస్లిం కుటుంబాలు గుళ్ళలో నాదస్వరం వాయించాయి. అది వాళ్ళకి విద్య, కూడు, గౌరవం. 'అయ్యుండీ' కాదు, అది వాళ్ళ పని. హిందూ విద్వాంసుడి గురించి చెప్పేటప్పుడు రాగం గురించి చెబుతారు. మా విద్వాంసుడి గురించి చెప్పేటప్పుడు సామరస్యం గురించి చెబుతారు. ఆయన గమకం ఎలా పలికించాడో వినే తీరిక ఎవరికీ లేదు.

2021లో అమెరికాలో 'సమ్మర్ ఆఫ్ సోల్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. 1969లో హార్లెమ్‌లో జరిగిన నల్లవాళ్ళ సంగీతోత్సవం అది. ఆ ఫిల్ము చాలా వరకు యాభై ఏళ్ళు వెలుగు చూడలేదు. చిన్నప్పుడు ఆ గుంపులో నిలబడిన ఒక మనిషి ఇప్పుడా దృశ్యాలు చూసి, తన జ్ఞాపకం నిజమేనని తేలినందుకు ఏడుస్తాడు. అందులో నాకు బాగా నచ్చింది జనం. ఎండలో నిలబడి పాట వింటున్న మామూలు జనం. వాళ్ళ సంతోషమే సినిమా.

మా ఇంటి లోపలా ఒక కాపలా ఉంది. దాన్ని దాచి బయటివాళ్ళనే అంటే న్యాయం కాదు. సినిమా హరామ్, గానా బజానా హరామ్ అని తేల్చేసే పెద్దలు మాకూ ఉన్నారు. సినిమాల మీద రాస్తున్నందుకు 'నీ పేరుకైనా సిగ్గుపడు బేటా' అన్న చిచ్చాలున్నారు. బయటివాడూ నా పేరే చూస్తున్నాడు, లోపలివాడూ నా పేరే చూస్తున్నాడు. నా చెవులు ఏం విన్నాయో ఇద్దరికీ అక్కర్లేదు.

సామరస్యం మీద ఉపన్యాసం నేనడగడం లేదు. రెహమాన్ పాట ఒకటి బాగాలేదని చెప్పే వీలు కావాలి. అలా చెబితే 'చూశావా, నిజాయితీపరుడు' అని భుజం తట్టకూడదు. చెత్త సినిమాని చెత్త అంటే నా మనోభావాలు దెబ్బతిన్నాయనుకోకూడదు. నా అభిరుచి నా ఒక్కడిదై ఉండాలి, తప్పో ఒప్పో.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. 2024 చివర్లో 'ఆర్‌ఆర్‌ఆర్' తీసిన తీరు మీద వచ్చిన డాక్యుమెంటరీ చూసి, ఉక్రెయిన్‌లో ఆ నాటు నాటు డాన్సు కోసం పడ్డ పాట్ల గురించి ఒక గంట చెప్పింది. సినిమా గురించి నువ్వేమంటావు బేటీ అనడిగాను. టోపీ గురించి ఏమంటుందోనని ఎదురుచూశాను. 'సెకండాఫ్ లాగ్ అబ్బా' అంది. అని ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ మాటని తను అప్పుడే మర్చిపోయి ఉంటుంది. రేపు కాలేజీలో దాన్ని తన పేరుతో కలిపి వినేవాళ్ళు ఎవరైనా ఎదురైతే, తను ఊరికే అన్న మాటని ఊరికే ఉండనిచ్చే స్నేహితులు పక్కన నలుగురైనా ఉండాలి.