పట్టాభిగారూ, నేనూ

మొన్న ఆదివారం మా కాలనీ మహిళా మండలి అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగింది. నేను ఓడిపోయాను. ఆవిడకి 35, నాకు 24. చెప్పుకోడానికి నామోషీగానే ఉందనుకోండి. కానీ మీతో కాకపోతే ఇంకెవరితో చెప్పుకోను? ఇంట్లో చెప్పుకుందామంటే మావారు పేపరు చాటునుంచి "డిపాజిట్టయినా దక్కిందా?" అని అడిగారు.

ఓడినందుకు కాదు బాధ, ఎదురింటి వదిన చేతిలో ఓడినందుకు. చుట్టరికం ఏమీ లేదు, పద్దెనిమిదేళ్ళుగా అలా పిలుచుకుంటున్నాం, అంతే. మా ఇంట్లో పెరుగు సరిగ్గా తోడుకోకపోతే వాళ్ళింటి తోడు, వాళ్ళది పులిస్తే మాది. నామినేషన్లు వేసిన రోజునుంచీ ఆ గిన్నె రోడ్డు దాటలేదు. పౌరుషానికి పోయి ప్యాకెట్టు పెరుగు తెచ్చి తోడేశాను. జిగురు జిగురుగా తయారైంది.

నిజానికి నాకు నిలబడాలనే లేదు. నలుగురు చేరి "మీరయితేనే మండలి బాగుపడుతుంది పిన్నిగారూ" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. మధ్యలో విరమించుకుంటానంటే ఒప్పుకోలేదు. ఆ నలుగురిలో ఇద్దరు వదినకే వేశారని నా అనుమానం.

సొంతవాళ్ళ మధ్య పోటీలో ఉన్న చిక్కే అది. ఎదుటి పార్టీవాడినయితే నోరారా తిట్టొచ్చు. ఇక్కడ అలా కాదు, మర్నాడు అదే చాపమీద కూర్చోవాలి. 2022 అక్టోబరులో కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఖర్గేగారూ, శశి థరూర్‌గారూ పోటీపడ్డప్పుడు టీవీలో చూశాను. ఒకరినొకరు పల్లెత్తు మాట అనలేక ఎంత ఇబ్బందిపడ్డారో! ఓటు వేసేవాళ్ళు నచ్చినవారి పేరు పక్కన '1' అంకె వెయ్యాలని ముందు అన్నారు. జాబితాలో ఖర్గేగారి వరస సంఖ్య కూడా ఒకటే కావడంతో థరూర్ పక్షంవాళ్ళు అభ్యంతరం చెప్పారు. చివరికి టిక్కు పెట్టమన్నారు. అయినా 416 ఓట్లు చెల్లలేదు. అంత పెద్ద పార్టీలోనే అన్ని చెల్లకపోతే మా మండలిలో రెండు చెల్లకపోవడంలో వింతేముంది? ఖర్గేగారికి 7,897, థరూర్‌గారికి 1,072. ఫలితం రాగానే ఓడినాయన గెలిచినాయన ఇంటికి వెళ్ళి అభినందించి వచ్చాడు. నేను మాత్రం రోడ్డు కూడా దాటలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మ బందరు కోడలు. 1939లో కొత్తగా కాపురానికి వచ్చిందట. ఆ జనవరి 29న కాంగ్రెసు అధ్యక్షుడి ఎన్నిక. ఒకవైపు అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న సుభాష్ చంద్రబోసు, నలభై రెండేళ్ళవాడు. రెండోవైపు బందరు డాక్టరుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, యాభై ఎనిమిదేళ్ళవారు. బోసుకి 1,580 ఓట్లు, పట్టాభిగారికి 1,377. పేపరు చూసి అమ్మమ్మ మామగారు ఆ పూట భోజనానికి లేవలేదట.

ఆ పోటీ పట్టాభిగారు కోరి తెచ్చుకున్నది కాదు. మౌలానా ఆజాద్ తప్పుకున్నాక, ఈయన కూడా తప్పుకోకుండా ఆపింది గాంధీగారే. అందుకే ఈ ఓటమి పట్టాభిది కన్నా తనదేనని ఆయన అన్నారు. లోకమంతా గొప్ప మాట అంది. మా అమ్మమ్మకి మాత్రం ఆ మాటంటే ఒళ్ళు మంట. "ఓడినవాడికి ఓటమైనా మిగలాలి కదుటే! అదీ ఆయనే పుచ్చుకున్నారు" అనేది.

నిజమే, పట్టాభిగారు పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోయారు. బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఆయనే. పెళ్ళయిన కొత్తలో నా పేరుమీద మొదటి పాసుబుక్కు ఆ బ్యాంకుదే. 2020లో దాన్ని యూనియన్ బ్యాంకులో కలిపేసినప్పుడు పుట్టిల్లు అమ్మేసినట్టనిపించింది. కాంగ్రెసు చరిత్ర రాసిందీ ఆయనే. రెండో సంపుటంలో తన ఓటమి ఉన్న ఏడాదిని కూడా తానే రాసుకోవలసి వచ్చింది. 1948లో మళ్ళీ నిలబడి, పురుషోత్తమదాస్ టాండన్ మీద గెలిచి అధ్యక్షుడయ్యారు. ఆ సంగతి ఎవరూ అడగరు.

ఆ తరవాత త్రిపురి కథ చెప్పేటప్పుడు మాత్రం అమ్మమ్మ గొంతు తగ్గించేది. బోసు గెలిచాడన్న మాటే గానీ, పటేల్‌గారితో సహా కార్యవర్గంలో చాలామంది రాజీనామా చేశారు. మార్చిలో సభ నాటికి ఆయన ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఉంటే స్ట్రెచరు మీద మోసుకొచ్చారు. ఏప్రిల్ నెలాఖరుకి ఆయనే పదవి వదులుకున్నాడు. కుర్చీలోకి బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చారు. "మనవాళ్ళయినా సరే, ఆ పని బాగాలేదే" అనేది అమ్మమ్మ, గోడలు వింటాయేమో అన్నట్టు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందో చెప్పనేలేదు కదూ! ఆదివారం సాయంత్రమే మా పక్షం వాళ్ళు ఆరుగురు ఇంటికొచ్చారు. "అందరం ఒకేసారి రాజీనామా ఇచ్చేద్దాం. ఒక్కతే ఎలా నడుపుతుందో చూద్దాం" అన్నారు. కాగితం రాసుకునే వచ్చారు. మొదటి సంతకం నాదట. అబద్ధమెందుకు, నా ప్రాణానికి ఎంత చల్లగా ఉందో! ఆలోచించుకుని పెడతానని దాన్ని పోపులడబ్బా కింద పెట్టాను.

మండలి హాల్లో పక్క బస్తీ ఆడపిల్లలకి కుట్టు నేర్పుతాం. పదముగ్గురు పిల్లలు, నాలుగు మిషన్లు. గురువారం కిటికీలోంచి చూస్తే, వదిన ఒక్కతే చాపలు పరుచుకుంటోంది. మోకాళ్ళ నొప్పి మనిషి. ఒక చేత్తో గోడ పట్టుకుని వంగుతోంది.

సాయంత్రం గిన్నె పట్టుకుని రోడ్డు దాటాను. ఎప్పుడూ "రా వదినా" అనే మనిషి "రండి" అంది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి.

"కాస్త తోడుందా?" అన్నాను.

మాట్లాడకుండా లోపలికెళ్ళి తెచ్చింది. గిన్నె అందిస్తూ, "మూడో మిషను దారం తెంపేస్తోంది. దాని సంగతి నీకే తెలుసు" అంది.

మర్నాడు వెళ్ళి చూశాను. బాబిన్ కేసులో దారం చిక్కుపడింది, అంతే.

కాగితం ఇంకా పోపులడబ్బా కిందే ఉంది. దానిమీద నూనె మరక పడింది. ఆ ఆరుగురూ రేపు వస్తామన్నారు.