మైక్రోస్కోపు వచ్చేదాకా

2025 జూన్ 13 శుక్రవారం, ఒమాన్‌లో వారాంతపు సెలవు. మస్కట్ విమానాశ్రయానికి పడమరగా, నిజ్వా రహదారి మొదలయ్యేచోట ఉన్న రుసైల్ పారిశ్రామికవాడలో ఆ రోజు చాలా యంత్రాలు ఆగి ఉంటాయి. ఫోన్లు మాత్రం ఆగవు. ఇజ్రాయెల్ ఇరాన్‌పై దాడి మొదలుపెట్టిందనీ, నతాంజ్‌లోని యురేనియం శుద్ధి కేంద్రం దెబ్బతిన్నదనీ తెల్లవారేసరికి వార్త వచ్చింది. అమెరికా, ఇరాన్ దూతల ఆరో విడత చర్చలు ఆ ఆదివారం మస్కట్‌లోనే జరగవలసి ఉన్నాయి, అవి రద్దయ్యాయి. తెలుగు కార్మికుల వాట్సాప్ గ్రూపులో ఆ చర్చల ఊసే లేదు. రేడియేషన్ గాలి మస్కట్ వైపు వస్తోందని, అయొడిన్ కొని దగ్గర పెట్టుకోమని, కుళాయి నీళ్లు ముట్టవద్దని సందేశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. పంపినవారిలో సగం మంది అమలాపురం, రాజోలు ప్రాంతాల్లోని బంధువులే.

ఆ గ్రూపులో సైన్సు వార్తలు పెట్టే బాధ్యతను ఒకాయన తనంత తానుగా నెత్తిన వేసుకున్నారు. రుసైల్‌లో ఒక కర్మాగారంలో షిఫ్టు సూపర్‌వైజరు, కోనసీమ మనిషి, ఒకప్పుడు రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివి, ఆ చదువుతో సంబంధం లేని ఉద్యోగంలో గల్ఫ్‌లో ఇరవయ్యేళ్లు గడిపినవారు. ఇస్రో ప్రయోగమో, కొత్త మందో, వడదెబ్బ ఎలా చంపుతుందో రెండు పేరాల తెలుగులో రాసి, కింద తన వ్యాఖ్య ఒకటి చేర్చడం ఆయన అలవాటు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని చేయించకూడదన్న ఒమాన్ నిబంధన ఎందుకు వచ్చిందో, శరీరం చెమటతో ఎలా చల్లబడుతుందో ఆయన రాసినది చదివి కొందరు తొలిసారి తమ హక్కు తెలుసుకున్నారు. ఎక్కువ మంది చదవకుండానే దండం బొమ్మ పెట్టేవారు. అదీ నిజమే.

ఆ శుక్రవారం సాయంత్రం పక్క గది కుర్రవాడు బెటడిన్ సీసా పట్టుకొచ్చి, "బాబాయ్, గ్లాసు నీళ్లలో ఎన్ని చుక్కలు వెయ్యాలి?" అని అడిగాడు. పుండ్లకు పూసే మందు అది, తాగితే హాని. సీసా లాక్కుని పక్కన పెట్టాక ఆయన గ్రూపులో నాలుగు వాక్యాలు రాశారు. నతాంజ్ విద్యుత్ రియాక్టరు కాదు, యురేనియం శుద్ధి చేసే చోటు. అక్కడ ఉండేది యురేనియం హెక్సాఫ్లోరైడ్. అది తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, ఆ ప్రమాదం ఆ ఆవరణలో పనిచేసేవారికి. అయొడిన్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని రేడియోధార్మిక అయొడిన్ నుంచి కాపాడడానికి మాత్రమే. అది నడుస్తున్న రియాక్టరులో పుడుతుంది, నతాంజ్‌లో కాదు. నతాంజ్‌కీ రుసైల్‌కీ మధ్య దూరం సుమారు 1300 కిలోమీటర్లు.

నాలుగు వాక్యాల్లో మూడుసార్లు నతాంజ్ పేరుంది. భయపడకండి అన్న మాట ఒక్కసారి కూడా లేదు. దాని విలువ ఆరు రోజుల తర్వాత తెలిసింది.

ఈ గ్రూపుకి అణు వార్తలు కొత్త కావు. అయిదు వారాల క్రితం, మే నెలలో, అవి సంతోషంగా వచ్చాయి. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో భారత వాయుసేన పాకిస్తాన్‌లోని కిరానా కొండలను కొట్టిందనీ, అక్కడి అణ్వాయుధ గిడ్డంగి నుంచి రేడియేషన్ కారుతోందనీ, ఈజిప్టు విమానం బోరాన్ మోసుకుని వచ్చిందనీ కథ అల్లుకుంది. కిరానా కొండలను తాము కొట్టలేదని మే 12న ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి విలేకరుల ముందు చెప్పారు. పాకిస్తాన్‌లోని ఏ అణుకేంద్రం నుంచీ లీకు లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. అయినా రుసైల్ గదుల్లో ఆ కథకే జేజేలు. రేడియేషన్ శత్రువు ఊళ్లో ఉంటే గెలుపు, గాలి ఇటు తిరిగితే గండం! పదార్థం ఒకటే అయినా దాన్ని గురించిన విజ్ఞానం సరిహద్దును బట్టి మారిపోయింది.

ఆ వేసవిలో ఆయన చదువుతున్న పుస్తకం మిచిహికో హాచియా రాసిన హిరోషిమా డైరీ. హాచియా హిరోషిమా కమ్యూనికేషన్స్ ఆస్పత్రి డైరెక్టరు. 1945 ఆగస్టు 6 ఉదయం ఇంట్లోనే గాయపడి, ఒళ్లంతా రక్తంతో తన ఆస్పత్రికే రోగిగా చేరుకున్నారు. అప్పటి నుంచి సెప్టెంబరు 30 దాకా రాసుకున్న దినచర్య ఇది. అమెరికన్ సర్జన్ వార్నర్ వెల్స్ చేతుల మీదుగా 1955లో ఇంగ్లీషులో వచ్చింది. యుద్ధం గురించి వైద్యులు రాసిన పుస్తకాల్లో ఇంత తక్కువ గొంతుతో మాట్లాడేవి అరుదు. కాలిన ఒళ్ల వర్ణనల కోసమే దీన్ని చదివేవారు ఎక్కువ. వార్త ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి చదివితే ఇంకా గొప్ప పుస్తకం.

రేడియో లేదు, పత్రిక లేదు. పడినది ఏ బాంబో ఎవరికీ తెలియదు, విషవాయువు అన్నారు. రోగులకు రక్తవిరేచనాలు మొదలైతే వైద్యులే అంటువ్యాధి అనుకుని వాళ్లను వేరుగా ఉంచారు. అంతలో బయటి నుంచి ఒకడు కబురు తెచ్చాడు: జపాన్ దగ్గరా అదే ఆయుధం ఉంది, కాలిఫోర్నియా నగరాల మీద ప్రయోగించారు! వార్డు మొహం మారిపోయింది. నవ్వులు, పాటలు. అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నవారే అందరికంటే ఎక్కువ సంతోషించారని హాచియా రాస్తారు. తీర్పు చెప్పరు, ఎగతాళి చేయరు. కిరానా కొండలకు కొట్టిన చప్పట్లు గుర్తున్నవారికి ఆ పేజీ మింగుడుపడదు.

రెండు వారాల తర్వాత మైక్రోస్కోపు వచ్చింది. అంతవరకూ రక్తం చూడడానికి సాధనమే లేదు. చూస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి; బాంబు పేలిన చోటికి ఎంత దగ్గరగా ఉన్నవారికి అంత తక్కువ. శవపరీక్షల్లో లోపలి అవయవాల నిండా రక్తస్రావం. అంటువ్యాధి కాదు, విషవాయువూ కాదు. నగరంలో ఇక 75 ఏళ్లు ఎవరూ బతకలేరన్న పుకారు అప్పటికే జనాన్ని తరుముతోంది. తమ పరీక్షల్లో తేలినది, తేలినంత మేరకే, ఒక ప్రకటనగా రాసి హాచియా ఆస్పత్రిలో అంటించారు. ల్యుకేమియా అధికంగా కనబడడం ఆ తర్వాత రెండేళ్లకు మొదలై, 1950ల తొలి సంవత్సరాల్లో శిఖరానికి చేరింది. నెల రోజుల రక్త పరీక్షలు అది చెప్పలేవు. చెప్పినట్టు నటించనూ లేదు.

ఆ పుకారుకూ ఒక శాస్త్రవేత్త పేరుంది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ జేకబ్సన్ హిరోషిమా 70 ఏళ్లు బీడుగా ఉంటుందని చెప్పిన మాట ఆగస్టు 8న అమెరికా పత్రికల్లో వచ్చింది. సైనిక శాఖ వెంటనే ఖండించింది. ఆయన మాట వెనక్కి తీసుకున్నారు. పుకారు అబద్ధమే: మూడు రోజులకే అక్కడ కొంత దూరం ట్రామ్ నడిచింది, శిథిలాల్లో గడ్డి మొలిచింది. ఇక్కడితో ఆగితే, అధికారిక ఖండన వచ్చింది కనుక నిశ్చింతగా ఉండవచ్చని తేలుతుంది. అదీ కుదరదు. రేడియేషన్ జబ్బుతో మనుషులు చనిపోతున్నారన్న కథనాలను కూడా అదే సైన్యం జపాన్ ప్రచారమని కొట్టిపారేసింది. సెప్టెంబరు 5న విల్ఫ్రెడ్ బర్చెట్ ఆ జబ్బు గురించి లండన్ డెయిలీ ఎక్స్‌ప్రెస్‌లో రాస్తే, వారం తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో విలియం లారెన్స్ సైన్యం మాటనే వినిపించాడు. ఆ లారెన్స్ అప్పుడు సైనిక శాఖ కోసం కూడా పనిచేస్తున్నాడు. ఆ నవంబరులో జనరల్ గ్రోవ్స్, వైద్యులు చెప్పారంటూ, అది చాలా సుఖమైన చావని సెనేట్ కమిటీ ముందు అన్నాడు. హాచియా వార్డులో జుట్టు ఊడి, ఒంటి మీద ఎర్రటి చుక్కలు తేలి చనిపోయినవారి లెక్క అప్పటికే రాసి ఉంది.

జూన్ 19 గురువారం. బుషెహర్‌ను కొట్టామని ఇజ్రాయెల్ సైనిక ప్రతినిధి ప్రకటించాడు. ఆ మాట పొరపాటున వచ్చిందని కొద్ది గంటల్లో మరో అధికారి చెప్పాడు. ఈసారి కథ వేరు. బుషెహర్ 2011 నుంచి నడుస్తున్న 1000 మెగావాట్ల రియాక్టరు. దానికి సూటిగా దెబ్బ తగిలితే అయొడిన్ మాత్రలు, జనాన్ని తరలించడం కొన్ని కిలోమీటర్ల నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకా అవసరం కావచ్చని మర్నాడు భద్రతా మండలిలో రఫేల్ గ్రోసీ చెప్పారు. వారం క్రితం నవ్వదగినదిగా ఉన్న అయొడిన్ మాట ఇప్పుడు నవ్వదగినది కాదు. సూపర్‌వైజరు తన పాత సందేశాన్నే తిరిగి పెట్టి, కింద కొత్తది చేర్చారు: అది నతాంజ్ సంగతి, ఇది బుషెహర్ సంగతి, రుసైల్‌కు దూరం దాదాపు 950 కిలోమీటర్లు, కొట్టలేదని కొట్టినవారే అంటున్నారు, కొలిచినవారి మాట రావాలి, అయొడిన్ అంటే డాక్టరు చెప్పే మాత్ర, బెటడిన్ ఎప్పటికీ కాదు. పదమూడో తేదీన అణుభయమంతా ఉత్తదేనని ఒక్క మాట రాసి ఉంటే, ఆ గ్రూపులో పంతొమ్మిదిన ఆయన మాట ఎవరూ వినేవారు కాదు.

22న అమెరికా ఫోర్దోపై బాంబులు వేసింది. ఆవరణ బయట రేడియేషన్ పెరగలేదని అణుశక్తి సంస్థ ప్రకటన. 24న కాల్పుల విరమణ. టికెట్టు కొనడానికి అప్పు అడిగిన ఇద్దరు కుర్రాళ్లు అడగడం మానేశారు. గ్రూపులోకి జీతాలూ, మామిడిపళ్లూ తిరిగి వచ్చాయి.

నీళ్ల సంగతి మాత్రం తెమలలేదు. బుషెహర్‌పై దాడి జరిగితే ఖతర్‌కు మూడు రోజుల్లో తాగునీరు అయిపోతుందని ఒకప్పుడు లెక్క కట్టామని ఆ దేశ ప్రధాని మార్చిలో ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ లెక్క తర్వాతే పెద్ద జలాశయాలు కట్టుకున్నామనీ చెప్పారు. చేతులు మారిన సందేశంలో రెండో సగం లేదు. మస్కట్ తాగే నీరు బర్కా, గుబ్రా శుద్ధి కేంద్రాల్లో, హోర్ముజ్ జలసంధికి ఇవతలి సముద్రం నుంచి తీసినదని సూపర్‌వైజరు రెండుసార్లు రాశారు. రాజోలు నుంచి తల్లి ఫోను చేసి, "నీళ్లు కాచి తాగుతున్నావా నాయనా?" అని అడిగినప్పుడు ఆమెకు కూడా అదే చెప్పారు, కాచినా రేడియోధార్మికత పోదని చెప్పడం మాత్రం మానుకున్నారు. జూలైలో ఆ సందేశం ఊరి నుంచి మళ్లీ వచ్చింది. ఈసారి అందులో ఖతర్ పేరు లేదు, మస్కట్ అని ఉంది.