మ్యాచింగా, కాంట్రాస్టా?

కిచెన్ డిజైన్ గీసిచ్చే అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి నన్ను అడిగిన మొదటి మాట ఇదే: "మేడమ్, కౌంటర్‌టాపూ క్యాబినెట్లూ మ్యాచింగా, కాంట్రాస్టా?" నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మ్యాచింగే బాబూ. పైనా కిందా అంతా తెలుపు" అన్నాను.

ఆ జవాబు నా లోపల ఇరవై రెండేళ్లుగా తయారై ఉంది మరి. ప్రొద్దుటూరులో మా ఇల్లు మామగారు 1989లో కట్టించింది. అల్లాహ్ ఆయన్ని మగ్‌ఫిరత్ చేయుగాక. నేను దుల్హన్‌గా అడుగుపెట్టిన రోజు నుంచీ ఆ బావర్చీఖానా అదే. నల్ల కడప బండ వేసిన వంటగట్టు, కింద తలుపుల్లేని అరలు, వాటికి అడ్డంగా వైరు మీద వేలాడే పువ్వుల పర్దా, నేల మీద లేత రంగు మొజాయిక్, తాలింపు పొగకి మసిబారిన గోడలు. రంజాన్‌లో సహరీకి మూడున్నరకి లేచి ఆ నల్ల గట్టు ముందు నిలబడినప్పుడల్లా అనుకునేదాన్ని, ఒకరోజు దీన్నంతా తెల్లగా చేసేస్తానని.

ఆ రోజు వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. సూద్ జోలికి పోకుండా ఆయన సంపాదనలో కొంత, నా టీచర్ జీతంలో కొంత కలిపి దాచుకున్నాం. రంజాన్ లోపు పని ముగించాలన్నది నియ్యత్. అత్తమ్మను నేనూ అమ్మీ అనే పిలుస్తాను. ఆమెను అడిగితే "తుమ్నా పసంద్ సో కర్లో బేటీ" అన్నది. కాసేపాగి మళ్లీ అడిగింది, "ఓ బండా క్యా కర్తే?" ఆ బండను ఏం చేస్తారని. సింకు దగ్గర చీలిపోయింది కదా అమ్మీ, తీసి పారేస్తాం అన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. పాన్‌దాన్ మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

ఆ తర్వాత నెలరోజులు షాపుల చుట్టూ తిరిగాను. మొదట తెల్ల క్వార్ట్జ్ మీద మనసుపడ్డాను. క్వార్ట్జ్ రాతి పొడిని రెసిన్‌తో కలిపి, ఒత్తి చేసే పలక అది. మరకలు తొందరగా పీల్చుకోదు. కానీ పొయ్యి మీంచి దించిన హండీని నేరుగా దాని మీద పెడితే రెసిన్ మాడి మచ్చ పడొచ్చు. గ్రానైట్‌కి వేడి బాధ లేదు. అయితే లేత రంగు గ్రానైట్‌కి సీలర్ పట్టించకపోతే నూనె, హల్దీ లోపలికి ఇంకుతాయి. మన కడప బండ సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపండు పులుసు పడి కాసేపు ఉంటే అక్కడ మెరుపు పోయి తెల్లగా మచ్చ కడుతుంది. మా పాత బండ నిండా అలాంటి మచ్చలే. షాపువాళ్లిచ్చిన తెల్ల ముక్కను ఇంటికి తెచ్చి హల్దీ, నూనె, నిమ్మకాయ అన్నీ పూసి ఒక రాత్రి ఉంచి చూశాను కూడా. అంత జాగ్రత్తపడ్డాను, కానీ చూడాల్సిన ఒక్క విషయం చూడలేదు.

ఆ నెలలోనే హైదరాబాద్ వెళ్లాం. ఆడబిడ్డ కూతురు టోలిచౌకీలో కొత్త ఫ్లాట్ కొనుక్కుంది. ఆ అమ్మాయి కిచెన్ చూసి నాకు మాటలు రాలేదు. నా కలని ఎవరో ముందే కట్టేసినట్టుంది. తెల్ల క్వార్ట్జ్, తళతళలాడే తెల్ల క్యాబినెట్లు, కింద తెల్ల టైల్స్, సీలింగ్‌లో లైట్లు. "మాషా అల్లాహ్" అంటూ ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటున్నాను. అమ్మీ చాయ్ కప్పు చేతిలో పట్టుకుని నా పక్కనే నిలబడింది. కప్పుని గట్టు మీద పెట్టబోయింది. అది గట్టు మీద పడలేదు. గట్టుకి రెండంగుళాలు ఇవతల, గాలిలో పెట్టింది. వేడి చాయ్ మొత్తం ఆమె పాదం మీద పడింది.

చల్లటి నీళ్లు పోస్తూ "ఏమైందమ్మీ?" అని అడిగితే, చాలా సిగ్గుపడుతూ చెప్పింది: "కినారా నై దిఖా మా." అంచు కనపళ్లేదని.

ఒక కంటికి మోతియాబింద్ ఆపరేషన్ ఎప్పుడో అయింది. ఇక బాగానే కనబడుతోందని అందరం అనుకున్నాం. మర్నాడు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రెండు కళ్లలోనూ కాలా మోతియా ఉందన్నారు. దీన్నే గ్లకోమా అంటారు. కంటి నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుందట. నొప్పి ఉండదు, ముందు పక్క చూపు పోతుంది కాబట్టి చాలాకాలం తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి. ఇది ఖాన్‌దాన్‌లో ఒకరికుంటే పిల్లలకీ, తోబుట్టువులకీ వచ్చే అవకాశం ఎక్కువట. అందుకని ఆయనకీ, ఆడబిడ్డకీ కూడా పరీక్షలు చేయించాం. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఉంటే మీరూ చేయించుకోండి. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పారు. ఈ జబ్బులో ఒక రంగుకీ దాని పక్కనున్న దగ్గరి రంగుకీ తేడా పట్టే శక్తి తగ్గిపోతుందట. తెలుపు పక్కన తెలుపుంటే ఆమెకి రెండూ ఒకటేనట.

ప్రొద్దుటూరు తిరిగొచ్చాక మొదటిసారి అమ్మీ వంటచేసే తీరు నిలబడి గమనించాను. గట్టు దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి ముందు అంచుని తడుముతుంది. ఆ తర్వాతే కుడిచేతిలోది కింద పెడుతుంది. ఉప్పు డబ్బా, మిర్చి డబ్బా, హల్దీ డబ్బా ఎప్పుడూ ఒకే వరస. నేను మార్చి పెడితే ఆమె కోప్పడేది, ముసలితనం చాదస్తం అనుకునేదాన్ని. ఆటా పిసికేటప్పుడు నల్ల బండ మీద పిండి ఎక్కడుందో ఆమెకి స్పష్టంగా తెలుస్తోంది. లేత మొజాయిక్ నేల మీద నల్ల గట్టు ఎక్కడ ముగుస్తుందో కూడా తెలుస్తోంది. నాకు అసహ్యమైన ఆ నలుపే ఆమెకి దారి.

"ఇంత కనబడకపోతే చెప్పలేదేం అమ్మీ?" అని అడిగాను. "చెప్తే మీరు నన్ను వంటింట్లోకి రానిస్తారా?" అన్నది.

ఆ మాట నన్ను కోసేసింది. నిజమే. మన ఇళ్లల్లో పెద్దవాళ్లని "మీరు కూర్చోండి, మేం చేస్తాం" అనడమే ఖిద్మత్ అనుకుంటాం. ఈద్ రోజు ఇంటిల్లిపాదికీ షీర్ ఖుర్మా తన చేత్తో కలిపి పోయడమే ఇజ్జత్‌గా బతికిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అది సేవ అంటాం. నేను గీయించిన ఆ తెల్ల డిజైన్ మాటల్లేకుండా అదే పని చేయబోయింది. కొత్త కిచెన్‌లో రెండుసార్లు గిన్నెలు జారితే అమ్మీ తనే తప్పుకునేది. మేమంతా "పాపం, వయసైపోయింది" అనుకునేవాళ్లం.

డిజైన్ అబ్బాయికి ఫోన్ చేసి కాంట్రాస్ట్ అన్నాను. "మళ్లీ నలుపేనా అమ్మీ?" అని మా అమ్మాయి గొడవ చేసింది. వాళ్ల దాదీ కళ్ల గురించి చెప్పాక ఊరుకుంది. ఆ తర్వాత రంగులన్నీ తనే దగ్గరుండి చూసింది.

చివరికి తేల్చుకున్నది ఇది. గట్టుకి నల్ల గ్రానైట్, అదీ లెదర్ ఫినిష్. అద్దంలా మెరిసే పాలిష్ అయితే లైటు అందులో కనబడి కళ్లలో కొడుతుంది. ఈ ఫినిష్‌కి మెరుపు లేదు. క్యాబినెట్లకి మెరవని క్రీమ్ రంగు లామినేట్. వాటి పిడులు మాత్రం నల్లవి. నేల పాత మొజాయిక్‌నే పాలిష్ పట్టించాం. చింతగింజలు, ఆవాలు, నల్ల పిడి కత్తి నల్ల గట్టు మీద కనబడవు కాబట్టి తెల్ల కటింగ్ బోర్డు ఒకటి అక్కడే ఎప్పుడూ ఉంటుంది. గట్టు పైన, అరల కింద ఒక లైటు పట్టీ పెట్టించాం. లేకపోతే మనం నిలబడిన నీడ మన చేతుల మీదే పడుతుంది.

మీలో ఎవరైనా ఈ పనిలో ఉంటే కొన్ని మాటలు. అరచేయంత శాంపిల్ చూసి రాయి కొనకండి. పలక మొత్తం నిలబెట్టించి, తడిపి చూడండి. రాయి పలకకీ పలకకీ మారుతుంది. లామినేట్ ముక్కనూ రాతి ముక్కనూ కలిపి మీ వంటింట్లోనే పెట్టి పొద్దున ఒకసారి, మగ్రిబ్ వేళ లైటు వేసి ఒకసారి చూడండి. షాపులో క్రీమ్‌గా ఉన్నది మా ఇంట్లో పసుప్పచ్చగా కనబడింది. పలకల అతుకు సింకు దగ్గర రానివ్వకండి. సింకు కింద పెట్టెకి నీళ్లకి ఉబ్బే ఎండీఎఫ్ వద్దు. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ అడగండి. గట్టు ఎత్తు మేస్త్రీ చెప్పిన లెక్క కాదు, వండే మనిషి మోచేతికి మూడు నాలుగు అంగుళాలు కింద ఉండాలి. ముప్పై ఏళ్లకి పైగా అమ్మీ తన ఎత్తుకి మించిన గట్టు మీద భుజాలెత్తి రొట్టెలు ఒత్తింది. మాలో ఎవరూ ఒక్కసారి అడగలేదు.

పాత బండను పారేయలేదు. చీలిక వరకూ కోయించేస్తే నాలుగడుగుల ముక్క మంచిది మిగిలింది. కిటికీ పక్కన 28 అంగుళాల ఎత్తులో, కింద అరలు లేకుండా, మోకాళ్లు పట్టేలా వేయించాం. అమ్మీ కుర్చీ వేసుకుని కూర్చుంటే సరిగ్గా సరిపోతుంది. ఇటు గ్రానైట్ నలుపు, అటు కడప బండ మచ్చల నలుపు, రెండూ అస్సలు కలవవు. డిజైన్ అబ్బాయి పని పూర్తయ్యాక ఫోటోలు తీసుకున్నాడు. ఆ మూలని మాత్రం ఫ్రేములో రానివ్వలేదు.

మొన్న రంజాన్ మొదటి రోజు అసర్ నమాజ్ అయ్యాక అమ్మీ ఆ మూల కూర్చుని సమోసాలకి పిండి ఒత్తింది. తన బండ మీద అంచుని తడమలేదు. అప్పడాల కర్ర కోసం మాత్రం పక్కనున్న కొత్త గ్రానైట్ వైపు చెయ్యి చాచి, ముందు అంచుని ఒకసారి తడిమింది. అది ఇంకా అలవాటు కావాలి. ఇన్షా అల్లాహ్ అవుతుంది.