తీగలు తెగిన రోజు కబురు ఎవరు పంపాలి?

మా బ్యాచ్‌లో సగం మందిమి దివిసీమ వాళ్ళం. మిగతావాళ్ళు గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. వాయుగుండం అని రేడియోలో చెప్పిన రాత్రి బందరులోని మన హాస్టల్లో వాళ్ళు హాయిగా నిద్రపోయేవాళ్ళు, మాకు మాత్రం కన్ను మూతపడేది కాదు.

1977 నవంబరు 19 ఉప్పెనను మేము చూడలేదు, ఇంట్లో విన్నాం. పోయినవారు తక్కువలో తక్కువ లెక్కకే 10,000కు దగ్గర. తీగలు తెగి, రోడ్లు కొట్టుకుపోయి, మా వాళ్ళ గోడు బయటివాళ్ళకు తెలియడానికి రోజులు పట్టిందని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

హామ్ రేడియో సంగతి విన్నప్పుడు మాకు మొదట తోచింది అదే. ఒక లారీ బ్యాటరీ, ఒక సెట్టు, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన సుమారు 20 మీటర్ల రాగి తీగ ఉంటే 7 మెగాహెర్ట్జ్ మీద వందల మైళ్ళు మాట్లాడవచ్చు. తీగ, చెట్లు మనకున్నాయి. సెట్టే లేదు!

మొదట్లో హామ్‌లందరూ సెట్లను తామే చెక్క పలక మీద బిగించుకునేవారు. 1930లలో అమెరికాలో ఆర్థర్ కాలిన్స్ అనే యువకుడు సెడార్ రాపిడ్స్‌లో ట్రాన్స్‌మిటర్లు తయారుచేసి అమ్మసాగాడు. 1933లో బయలుదేరిన బర్డ్ అంటార్కిటికా యాత్రకు వెళ్ళింది కాలిన్స్ సామానే. షికాగోలోని హాలిక్రాఫ్టర్స్ వాళ్ళు హామ్‌ల కోసం చేసిన హెచ్‌టీ-4 రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం లారీలెక్కింది. సరదా కోసం కొన్న పెట్టె ప్రాణాల మీదికి వచ్చినప్పుడు పనికొచ్చిందన్నమాట. యుద్ధమయ్యాక హీత్‌కిట్ విడిభాగాలు పెట్టెలో పెట్టి అమ్మితే జీతగాళ్ళు కూడా ఇంట్లో బిగించుకున్నారు. మన దేశపు హామ్‌లకు దొరికింది ఎక్కువగా సైన్యం వదిలేసిన పాత సామాను. కొత్త సెట్టు విదేశం నుంచి రావాలి, దాని ఖరీదు మనలాంటివాళ్ళకు అందేది కాదు. మనవాళ్ళకు తెలివి లేక కాదు, పెట్టె లేక కబురు ఆగిందని మా అభిప్రాయం.

1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వచ్చింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు హామ్ సెట్టుతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి అయినవాళ్ళ క్షేమసమాచారాలు ఆమె సెట్టు మీదే బయటికి వచ్చాయి.

ఇప్పుడు బందరులో తుఫాన్లను కనిపెట్టే రాడార్ ఉంది. గాలివాన వస్తోందని అది చెబుతుంది. వచ్చి వెళ్ళాక నాగాయలంకలో అమ్మానాన్నలు ఎలా ఉన్నారో అది చెప్పదు. సెల్‌ఫోన్ ఉందిగా అంటారా తమ్ముళ్ళూ? టవరుకు కరెంటు పోయి, డీజిల్ అయిపోయేదాకే దాని మాట.

రిస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్షకు 12 ఏళ్ళు నిండితే చాలు. మా బ్యాచ్‌లో ముగ్గురం చదువుతున్నాం. సెట్టుకు చందాలు మేము వేసుకుంటాం. డాబా మీద తీగ కట్టుకోనివ్వమని వార్డెన్ గారిని అడగాల్సింది మీరు.